ఒక్కపొద్దు మాత్ర

సౌదీలోని రాబిగ్ రిఫైనరీలో పన్నెండేళ్లుగా ఎండలోనే పని నాది. అలాంటిది, నా ఒంట్లో విటమిన్ డి అడుగంటిందని క్లినిక్ డాక్టరమ్మ చెబితే ఒళ్లు మండింది. మెడ నుంచి మడమల దాకా కవరాల్, చేతులకు గ్లౌజులు, నెత్తిన హెల్మెట్, మూతికి గుడ్డ. ఎండంతా వాటికే పోయిందట, నా తోలుకు తగల్లేదట!

నవ్వుకునే సంగతి కాదు. టవర్ల మీదికెక్కి గేజీలు మార్చడం నా పని. మెట్లెక్కుతుంటే తొడలు వణికి మధ్యలోనే రైలింగ్ పట్టుకుని ఆగిపోతున్నాను. మూడు నెలల్లో మళ్లీ ఫిట్‌నెస్ పరీక్ష. అందులో తప్పితే ఫైనల్ ఎగ్జిట్టే, ఉద్యోగం పోయి ఇంటిదారేనని సూపర్‌వైజరు ముందే చెప్పేశాడు.

డాక్టరమ్మ వారానికో మాత్ర రాసింది. ఫోన్లో మా ఆవిడకు చెప్పాను. ఆవిడ వెంటనే వెంకన్నకు మొక్కేసింది, నా కాళ్లు బాగుపడేదాకా నేను శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని. మొక్కింది ఆవిడ, మాడేది నా కడుపు! అయినా ఉన్నాను. మరిచిపోకుండా ఉంటుందని మాత్ర కూడా శనివారానికే పెట్టుకున్నాను. పొద్దున్నే స్నానం, దండం, గ్లాసుడు నీళ్లతో మాత్ర. మళ్లీ రాత్రికే టిఫిను.

ఆరు వారాలైనా కాళ్లు అలాగే ఉన్నాయి. "ఆ మందు పనిజేసేట్టు లేదులే అన్నా" అన్నాడు నా గదిలో ఉండే కడప డ్రైవరు భాయ్. క్లినిక్‌కు వెళ్లి డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాను.

"ఎప్పుడు వేసుకుంటున్నారు?" అంది.

"శనివారం, పరగడుపున. ఒక్కపొద్దండీ."

ఆవిడదీ గుంటూరే, ఒక్కపొద్దంటే ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు. పెన్ను కింద పెట్టేసింది. "కాస్త నూనో నెయ్యో ఉన్న తిండితో వేసుకుంటేనే అది సరిగ్గా ఒంటబడుతుందండీ. ఇంకోటి, మాత్ర లోటు తీరుస్తుంది గానీ కూర్చున్నవాడికి కండ పెట్టదు. మెట్లెక్కండి."

నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను. మాత్రను శుక్రవారం మధ్యాహ్నం భాయ్ వండే బిర్యానీ తర్వాతకు మార్చాను. రోజూ సాయంత్రం క్యాంపు మెట్లు పదిసార్లు ఎక్కి దిగాను, సణుక్కుంటూనే. పరీక్ష రోజున రైలింగ్ ముట్టుకోకుండా పైదాకా వెళ్లాను. పైన నిలబడితే ఏడుపొచ్చింది.

ఆ శనివారం ఇంటికి ఫోన్ చేసి పరీక్ష గట్టెక్కానన్నాను. బిర్యానీ సంగతి చెప్పబోయేలోపే, "చూశారా, స్వామి విన్నాడు!" అని ఆవిడ ఏడ్చేసింది. ఆ సంతోషం ఎందుకు చెడగొట్టాలని, "అవునే, స్వామి దయ" అని ఊరుకున్నాను.

"మీకు చెప్పలేదు గానీ, మోకాళ్లు లాగుతున్నాయంటే ఇక్కడి డాక్టరు నాకూ అదే మాత్ర రాశాడండీ" అంది ముక్కు తుడుచుకుంటూ. "మీలాగే నేనూ శనివారం పొద్దున్నే, ఒక్కపొద్దుతో వేసుకుంటున్నా. ఏం గుణం లేదనుకున్నా. మీకు పనిచేసిందిగా, ఇక నాకూ చేస్తుంది."

"ముందు లేచి ఇంత నెయ్యేసుకుని అన్నం తినవే!" అని అరిచాను.