మేల్పాడి మడిలో పసుపు కప్ప

నిన్న మా తమ్ముడి కూతురు కావేరిపాక్కం చెరువు దగ్గర తీసిన కప్ప బొమ్మను ఫోనులో పంపింది. తొలివానకు నిమ్మపండులా మెరిసిపోయే మగకప్ప అది. చూడగానే గుడియాత్తంలో మా ఫోటో స్టూడియో, దాన్ని నడిపిన మా ఆయన గుర్తొచ్చి చాలాసేపు ఫోను పక్కన పెట్టలేకపోయాను.

రంగు ఫిల్ము మా ఊరికి ఇంకా రాని రోజులవి, మీకూ గుర్తుండే ఉంటాయి. ఆయన నలుపు తెలుపులో తీస్తే, నేత ఇంట పుట్టిన నేను ఆ బొమ్మల్లోని పెళ్లికూతుళ్ల చీరలకు కుంచెతో రంగులద్దేదాన్ని. పెళ్లిళ్లు కడుపు నింపేవి గానీ, ఆయన ప్రాణమంతా కప్పలూ తొండలూ పాముల మీదే. ఏ జీవినీ పట్టి తెచ్చేవారు కాదు, కర్రతో కదిపేవారు కాదు. అది ఉన్నచోటికే పోయి, బురదలో బోర్లా పడుకుని, అది తనను మరిచిపోయేదాకా ఓపిక పట్టేవారు. నాకు విసుగూ వచ్చేది, ముద్దూ వచ్చేది.

ఒక ఏడు తొలివాన వెలిసిన ఉదయం మేల్పాడి పక్క మడిలో పసుపు కప్పలు లేచాయని తెలిసింది. ఆ రంగు త్వరగా మాసిపోతుంది, మా ఫిల్మేమో రంగు పట్టదు. అందుకని మా నాయన అద్దకానికి పోల్చి చూసుకునే రంగురంగుల నూలు పోగులను కొంగున ముడేసుకుని నేనూ వెంట వెళ్లాను. ఆయన బొమ్మ తీస్తుంటే నేను గట్టు మీద కూర్చుని, బెకబెకమంటున్న కప్ప రంగుతో పోగులు పోల్చి, సరిపోయినదాన్ని దాచుకున్నాను. గొంతు పక్కన ఉబ్బే నీలం బుడగలకూ ఒక పోగు దొరికింది.

ఆ రంగులే అద్ది బొమ్మను స్టూడియో అద్దాల కిటికీలో పెట్టాం. పసుపు కప్ప యాడైనా ఉంటుందా అని ఊరంతా నవ్వింది. కూతురి పెళ్లికి మాట్లాడుకోవడానికి వచ్చిన ఒక రైతు దాన్ని చూసి, "కప్పకే పసుపు పూసినోళ్లు, మా పాపకు ఏం రంగు పూస్తారో అప్పా!" అని వెనుదిరిగాడు. ఆ మాట పాకి పెళ్లి బేరాలు తగ్గిపోయాయి. ఇల్లు గడవక, కప్పకు మట్టిరంగు పూసేద్దామని నేనే కుంచె పట్టాను. ఆయన నా చెయ్యి ఆపి, "కండ్లారా చూసినావు గదమ్మే, ఇంగ యాడ మార్చేది?" అన్నారు. ఆ ముహూర్తాల కాలమంతా బొమ్మ కిటికీలోనే ఉంది, మేము గంజితో సర్దుకున్నాం.

ఇప్పుడు ఫోను ఏ రంగునైనా ఇట్టే పట్టేస్తుంది, నచ్చకపోతే ఇట్టే మార్చేస్తుంది కూడా. అంతా సులువైంది, సంతోషమే. కానీ ఏ బొమ్మ చూసినా రంగు కలిపారేమోనన్న అనుమానమే ముందొస్తుంది. తినే కూడు పోతున్నా నా కంటిని నమ్మిన మనిషి వెళ్లిపోయాక, నువ్వు చూశావంటే చాలు అనేవాళ్లు నాకు ఇంకెవరూ మిగల్లేదు.