పడమటి గదికి రెండు గోడలు

ముక్తేశ్వరంలో మేం ఇల్లు మొదలుపెట్టేనాటికి నాకు నెలసరి ఆగిపోయే వయసు వచ్చింది. కూర కలుపుతూ ఉంటే ఉన్నట్టుండి గుండెల దగ్గర సెగ పుట్టి, మెడ మీదుగా చెవుల్లోకి పాకేది. జాకెట్టు తడిసిపోయేది. కాసేపటికి అదే ఒళ్లు వణికేది. డాక్టరమ్మ గారు, "కంగారు పడకండి, కొన్నాళ్లకి సర్దుకుంటుంది" అన్నారు.

ఈ సంగతి మా ఆయనకి చెప్పలేదు. ఏళ్ల తరబడి మస్కట్‌లో డ్రైవరుగా చేసి అప్పుడే తిరిగొచ్చారాయన. ఫోన్లో గలగలా మాట్లాడుకునేవాళ్లం, ఎదురుగా కూర్చుంటే మాటలు వెతుక్కునేవాళ్లం.

ఇంటి విషయంలో నేను అడిగింది ఒక్కటే. "పడగ్గదిలో ఏసీ పెట్టించండి."

ఆయన మొహం చిన్నబోయింది. "ఒద్దులే. అక్కడ ఇన్నేళ్లూ దాని హోరులోనే పడుకున్నాను. కిటికీ తీస్తే గాలి తగలాలనే కదా ఇక్కడికి వచ్చేను."

ఆ మాట అక్కడితో వదిలేశాను. ఆయన కోరికా తప్పు కాదు, నా బాధ ఎలా చెప్పాలో నాకూ తెలియలేదు.

శ్లాబు పడ్డాక ఒక మధ్యాహ్నం పనివాళ్లకి మజ్జిగ తీసుకెళ్లాను. మా పడగ్గది కాబోయే పడమటి గదిలోకి అడుగుపెట్టగానే పైనుంచి శ్లాబు వేడి, లోపలినుంచి నా సెగ. సిమెంటు బస్తాల మీద కూలబడిపోయాను. ఆయన పరుగెత్తుకొచ్చారు.

"ఏమైంది? మొహం అలా ఎర్రబడిపోయిందేంటి?"

గొంతు తగ్గించి మొత్తం చెప్పేశాను. ఆయన తన భుజం మీది తువ్వాలు తడిపి నా మెడ మీద వేశారు.

"ఎన్నాళ్లనుంచి?"

"మీరు రాకముందునుంచే."

"ఫోన్లో చెప్పొచ్చు కదా."

"ఫోన్లో ఇవన్నీ ఎలా చెప్పమంటారండీ?"

ఆయన మోకాళ్లు పట్టుకుని, మెల్లగా పక్క బస్తా మీద కూర్చున్నారు. తర్వాత, "నేనూ ఒకటి చెప్పలేదు. నాకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. పొద్దున్నే లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది" అన్నారు. ఆ గదిలో, పని చప్పుళ్ల మధ్య, మేమిద్దరం చాలాకాలానికి మళ్లీ మొగుడూ పెళ్లాల్లా కూర్చున్నాం.

మర్నాడు ఇద్దరం కలిసి అమలాపురం వెళ్లాం. వేడి దిగకుండా శ్లాబు మీద పరిచే, థర్మోకోల్ లాంటి నురుగు పలకలు చూశాం. పైన వేసే తెల్లటి టైల్స్ చూశాం. ఎండ ఎక్కువగా తగిలేది పడమటి గోడకే కాబట్టి, కాస్త సందు వదిలి దాని బయట ఇంకో గోడ కట్టించాలనుకున్నాం. ఆయన మోకాళ్లకి వేణ్ణీళ్లు కావాలని సోలార్ హీటర్ నేనే పట్టుబట్టాను.

మేస్త్రి గారు పలక తిప్పి చూసి, "ఇంత తేలిగ్గా ఉందేంటండీ? దీనికన్నా నాలుగు కొబ్బరాకులు కప్పుకుంటే సరిపోదంటారా?" అన్నారు.

"ముందు ఈ పడమటి గది మీద వేసి చూద్దాం మేస్త్రి గారూ. చల్లబడకపోతే మీరన్నట్టే చేద్దాం" అన్నారు మా ఆయన.

"ఆయ్, అలాగేనండి."

పలకలూ టైల్సూ వేసి, రెండో గోడా లేచాక, మంచి ఎండలో వెళ్లాం. పలకలు వెయ్యని పక్క గదిలో నిచ్చెన ఎక్కి శ్లాబుకి చెయ్యి ఆనించి చటుక్కున తీసేశాను. పడమటి గదిలో ఆనించిన చెయ్యి అలాగే ఉంచగలిగాను. చల్లగా లేదు గానీ, ఓర్చుకోగలిగేలా ఉంది. కిందికి దిగి, సిమెంటు బస్తాల మీద కప్పే పరదా పట్టా పరిచి ఒక్క క్షణం నడుం వాల్చాను. నిద్ర పట్టేసింది. కళ్లు తెరిచేసరికి ఆయన పక్కన కూర్చుని టైల్స్ పెట్టె అట్టతో విసురుతున్నారు.

"పడుకో, పడుకో. ఏసీకి కూడా వైరు లాగమని చెప్పేను" అన్నారు.

"మీకు హోరు పడదుగా?"

"గది ఇలా ఉంటే కాసేపు వేసుకుంటే సరిపోద్ది. ఆ కాసేపూ నేను అరుగు మీద కూర్చుంటాను."

మిగతా గదుల మీదా పలకలు వేయించి, వేసవిలో గృహప్రవేశం చేశాం. ముసురు పట్టిన రోజుల్లో సోలార్ నీళ్లు గోరువెచ్చగా కూడా రావు, అప్పుడు గ్యాసు మీద కాచి ఇస్తాను. నా సెగలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు దాచుకోను. "వచ్చిందండీ" అంటాను. ఆయన లేచి, ఏసీ వేసి, అరుగు మీదికి వెళ్లకుండా నా పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుంటారు.