పాట కింద మాట

మా నాన్న గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు. నాకు నాలుగో ఏడు నడుస్తుండగా, కొత్త నావను సముద్రంలోకి దింపిన తొమ్మిదో రోజున వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన కదులుతూ కనిపించేది ఒకే ఒక్క వీడియో క్యాసెట్‌లో, ఆ నావను దింపిన రోజున తీసినదాంట్లో. అందులో పెదాలు ఆడతాయి, మాట వినబడదు. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే మనిషి అలవాటు కొద్దీ వేసేశాడని చిన్నప్పటి నుంచీ అతన్ని తిట్టుకుంటూనే పెరిగాను.

విజయనగరంలో ఓ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనికి కుదిరాక, ఆ క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించాలని పంతం పట్టాను. అప్పటికే జనం ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు. నౌపడ దగ్గర మా ఊరు వెళ్ళి అడిగితే అమ్మ, "ఎక్కడున్నాదో ఏటో" అంది. రెండు రోజులు వెతికితే ఎండుచేపల గదిలో, ఉప్పు గోనెల వెనక దొరికింది. క్యాసెట్‌ను ఉప్పు దగ్గర ఎవరైనా పెడతారా అని ఆవిడ మీద ఎగిరాను.

టేపు అంచంతా తెల్లటి బూజు. దూదీ స్పిరిటూ పెట్టి రెండు మధ్యాహ్నాలు తుడిచాను. క్యాసెట్ ఆడించే డెక్కులో వేస్తే తెర నీలంగా మారిపోయేది. బొమ్మ కాస్త వణికినా కంప్యూటర్ రికార్డింగ్ ఆపేసేది. వేసిన ప్రతిసారీ డెక్కు హెడ్డుకు గోధుమరంగు పొడి అంటుకునేది. టేపు మీది పూత రాలుతోందని అర్థమై భయం పట్టుకుంది.

ఆమదాలవలసలో పాత టీవీలు బాగుచేసే ముసలాయనకు చూపించాను.

"పాటలేసినారని ఏడుస్తావేటి బాబూ? మంచి కెమెరా అయితే ఇందులో సౌండు రెండు సోట్ల ఉంటాది. అంచునొకటి, బొమ్మ కిందొకటి. తరవాతేసిన పాటలు అంచునే పడతాయి. కింద అసలుది ఉండిపోనాదేమో సూడు" అని, ఆ కింది సౌండు పట్టే డెక్కు చేతిలో పెట్టాడు. "ఒక్కపాలే ఎయ్. రెండోపాలికి తెగిపోతాది."

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పగానే చేపలు ఏరుతున్న అమ్మ చేయి ఆగింది. "పాటలు బాగున్నాయి కదరా. కెలకడం ఎందుకు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "నాన్న గొంతు యినాలని నీకు లేదా?" అన్నాను.

"నాను యిన్నానులే" అంది.

మర్నాడు పొద్దున్న ఇంట్లోనే డెక్కును కంప్యూటర్‌కు తగిలించి వేశాను. అమ్మ గుమ్మంలో కూర్చుంది, లోపలికి రాలేదు. తెర మీద ఇసుక, జనం, పసుపు రాసిన నావ ముక్కు, నన్ను ఎత్తుకున్న అమ్మ. పైన పాట. ఉన్నట్టుండి గరగరమని పాట తెగి, కింది సౌండు పట్టింది. అలల హోరు వినిపించింది, డప్పులు వినిపించాయి. ఆ వెనక ఓ మగగొంతు. తెర మీద నాన్న పెదాలతో కలిసింది. సన్నటి గొంతు, అచ్చం నాదే. నాకు ఏడుపు ఆగలేదు.

"ముక్కు కాడ పలక సీలిందే. ఈయేల దింపొద్దు. వడ్రంగిని పిలుద్దాం."

వెంటనే అమ్మ గొంతు. "ఊరంతా సూస్తన్నాది మావా. పరువు తీస్తావేటి? దింపీ!"

నాన్న పెద్దగా నవ్వాడు. కొబ్బరికాయ పగిలింది. మళ్ళీ గరగర, మళ్ళీ పాట.

వెనక్కి తిరిగాను. అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఆ పాటలు వీడియోవోడు ఎయ్యలేదురా. మీ నాన్న పోయిన నెలకి నానే టవునుకి పట్టికెళ్ళి ఏయించినాను."

అన్ని రోజులు సతాయించిన రికార్డింగ్ ఆ పొద్దు ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తూనే ఉంది. అమ్మ లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

"అంత పాట తీసీసినోడివి. నా మాటొక్కటీ తీసీలేవా?"

"నువ్వన్న మాట మీదే నాన్న నవ్వినాడమ్మా. అది తీస్తే ఆ నవ్వూ పోతాది."

అమ్మ తెర వైపే చూస్తూ ఉండిపోయింది.

"అయితే ఉండనీ" అంది.