సముద్రం పడని కెప్టెన్

కెప్టెన్‌గారికి సముద్రం పడదు. నలభై ఏళ్లుగా తెరచాప పడవలో దీవి నుంచి దీవికి తిరిగే మనిషికి ఇదేం రోగమని నవ్వకండి. పడవ రేవు దాటడం ఆలస్యం, బకెట్టు కౌగిలించుకుని "అయిపోయానర్రోయ్!" అని కేక పెట్టేవాడు. ఆ కేకకు తెరచాప కొయ్య మీద వాలిన పక్షులు ఎగిరిపోయి మళ్లీ ఆ చాయలకొచ్చేవి కావు.

ఆయన కొత్త కోడలికి ఈ సంగతి తెలియదు. ఆమె మొగుడు పన్నెండు రోజుల దూరంలో ఉన్న దీవిలో డాక్టరు. అత్తామామలు ఆమెను అక్కడ దిగబెట్టడానికి బయల్దేరారు. అంతవరకూ ఆ పిల్ల బస్సు తప్ప ఏమీ ఎక్కి ఎరగదు.

రెండో రోజుకి ఆమెకు మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. వెనక్కి తిప్పమని అడుగుదామని గోడ పట్టుకుని లేచింది. ఈలోగా పక్క మంచం మీంచి మామగారే అందుకున్నాడు.

"పడవ వెనక్కి తిప్పవే! నా వల్ల కాదు!"

"బాగానే ఉంది. మీ అబ్బాయి అక్కడ ఎదురు చూడడూ?" అంది అత్తగారు, ఉల్లిపాయలు తరుగుతూ.

"అయితే వీలునామా రాసుకో. నా టోపీ కోడలికి. నా బూట్లు సముద్రానికి."

కోడలికి జాలేసింది. అంతకంటే ఎక్కువ పౌరుషం వచ్చింది. "మీరు పడుకోండి మావయ్యగారూ. చుక్కాని నేను పడతాను."

అంతే, మంచం మీంచి ఆజ్ఞలు మొదలయ్యాయి. "ఆకాశం నీళ్లూ కలిసే గీత మీద నుంచి చూపు తిప్పావో, నా ప్రాణం పోయినట్టే!" కాసేపటికి, "అమ్మాయ్, ఈ అల్లం ముక్క కాస్త నమిలి చెప్పు. ఘాటు లేకపోతే నేను ముట్టను." అరగంటకోసారి ఆయనకు కొత్త అల్లం మీద అనుమానం వచ్చేది.

నాలుగో రోజుకి కోడలు రెండు పూటలా అన్నం తింటోంది. మామగారు మాత్రం అలాగే మూలుగుతున్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నం చుక్కాని అత్తగారికిచ్చి ఆమె నడుం వాల్చింది. ఉక్కపోసి పైకొచ్చేసరికి అలలు మేడలంత లేస్తున్నాయి. పడవ ముక్కు మీద కాళ్లు వేలాడేసుకుని, ఇటు వీపు పెట్టి, కెప్టెన్‌గారు వేయించిన చేపలు తింటున్నాడు. పళ్లెం నిండా ముళ్లే. పైగా ఈల వేస్తున్నాడు.

కోడలు నోరు తెరిచింది. అత్తగారు వేలు పెదవుల మీద పెట్టుకుని, దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"పెళ్లయ్యాక మొదటిసారి ఈ పడవెక్కి, వాంతులతో సిగ్గుపడి చచ్చాను. మూడు రోజులు దుప్పటి ముసుగు తియ్యలేదు. నాలుగో రోజు ఈయన బకెట్టు పట్టుకుని మూలగడం మొదలుపెట్టాడు. అప్పట్నించీ కొత్తవాళ్లెవరెక్కినా ముందు ఈయనకే కడుపులో తిప్పుతుంది."

కోడలు చప్పుడు చెయ్యకుండా వెళ్లి పడుకుంది.

పన్నెండో రోజు రేవులో మొగుడు ఎదురొచ్చాడు. "కడుపులో బాగా తిప్పిందా?" అని పెళ్లాన్ని అడిగాడు.

"దానికేంరా! చచ్చి బతికింది నేను. నన్ను ఒడ్డుకు చేర్చిందే అది," అన్నాడు కెప్టెన్‌గారు.

"నీకా నాన్నా?" అని ఆ పడవలోనే పుట్టి పెరిగిన కొడుకు ఫక్కున నవ్వబోయాడు. కోడలు గబుక్కున మామగారి చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా మావయ్యగారూ, దిగే చెక్క ఊగుతోంది."

నలభై ఏళ్లుగా ఏ రేవులోనైనా ఒక్క గెంతుతో ఒడ్డున పడే మనిషి, బుద్ధిగా ఆమె చెయ్యి పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ దిగాడు.