ఎదురింట్లో అడిగి రావడం

మా కడప జిల్లాలో అసలైన విలేకరులు పత్రికల్లో పనిచేయరు. పెళ్లి సంబంధాలు విచారిస్తూ తిరుగుతుంటారు. ప్రొద్దుటూరులో పేపరు ఆఫీసుకే జీవితం ధారపోసినవాణ్ని కాబట్టి ఈ మాట అనే అర్హత నాకుంది. మేము ఒక వార్తకు ఇద్దరిని అడిగితే అదే గొప్ప. మా బావ మాత్రం ఒక పెళ్లికొడుకు గురించి వీధంతా అడిగి, పోతూ పోతూ ఆ వీధిలో కట్టేసిన ఎద్దును కూడా ఒకసారి అనుమానంగా చూసి వస్తాడు.

బావ అంటే మా అక్క మొగుడు. లింగాల పక్కన పల్లె. తాతల నాటి నుంచీ గొర్రెల మంద, ఇప్పుడు మందతో పాటు చీనీ, అంటే బత్తాయి తోట. గొర్రెను కొనేటప్పుడు పళ్లు చూసి, వెన్ను నిమిరి, చివరికి అమ్మేవాడి మొహం చూస్తాడు. అల్లుణ్ని ఎంచడంలోనూ అదే పద్ధతి. పళ్లు చూసే అవకాశం రాదు, అంతే.

ఆయన విచారణకు నియమాలున్నాయి. ముందుగా పిల్లవాడి ఇంటికి పోకూడదు, ఎదురింటికి పోవాలి. తర్వాత టీ అంగడి. తర్వాత మంగలి షాపు. ఎవరైనా పొగిడితే ఆ మాట చెవిన వేసుకోకూడదు. పొగిడేవాడు పొగిడి పొగిడి అలసిపోయి, ‘కాకపోతే...’ అని ఆగేదాకా ఓపిక పట్టాలి. అసలు వార్త అక్కడ మొదలవుతుంది.

జమ్మలమడుగు సంబంధం అలాగే పోయింది. పిల్లవాడు బంగారమని ఎదురింటాయన గంటసేపు చెప్పి, చివరికి, “కాకపోతే వాళ్లమ్మ మాట్లాడేటప్పుడు పక్కనోళ్లు ఊపిరి తీసుకోగూడదప్పా” అన్నాడు. బావ మజ్జిగ గ్లాసు కింద పెట్టి బస్టాండు దారి పట్టాడు. ఎర్రగుంట్ల సంబంధం మంగలి షాపులో పోయింది. పులివెందుల సంబంధం టీ అంగడి కూడా దాటలేదు.

నాలుగోది హైదరాబాదు నుంచి వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగం. తండ్రి రైల్వేలో పనిచేసి ఊరూరా బదిలీ అయినవాడు కాబట్టి, మాది ఫలానా ఊరని చెప్పుకోవడానికి వాళ్లకు ఊరే లేదు. మా మేనకోడలు పులివెందులలో బ్యాంకు ఉద్యోగి. ఆ అబ్బాయితో ఫోనులో మాట్లాడింది. తర్వాత, నేను కూడా ఉండగా, పశువుల కొట్టం దగ్గర తండ్రిని నిలబెట్టింది.

“నాయనా, ఈ పిల్లోడు నాకు నచ్చినాడు. నువ్వు విచారించుకో, నేనేం వద్దనను. కానీ ఈసారి గూడా యాడనో ఎవురో ఏందో అన్యారని తిప్పి పంపితే, ఇంగ నాకు సంబంధాలు చూడొద్దు. నీ గొర్రెలకు చూసుకో.”

బావ మందలోకి పోయి అవసరం లేకుండా ఒక గొర్రెపిల్లను ఎత్తి, మళ్లీ దించాడు. కూతురు మాట మీద నిలబడే మనిషని ఆయనకు తెలుసు. ఆ గుణం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా తెలుసు.

“బామ్మర్దీ, హైదరాబాదుకు పోదాం పా” అన్నాడు.

ఎర్రగుంట్లలో రైలెక్కాం. ఒకప్పుడు రాజధానికి పోతున్నామని ఎక్కేవాళ్లం, ఇప్పుడు పక్క రాష్ట్రానికి పోతున్నాం. రైలుకు మాత్రం ఈ తేడా తెలిసినట్టు లేదు. అప్పుడెంత ఆలస్యమో ఇప్పుడూ అంతే.

ఆ అబ్బాయి ఉండే చోటును కాలనీ అనకూడదట, కమ్యూనిటీ అనాలట. ఆకాశంలోకి లేచిన బిల్డింగులు, చుట్టూ జైలు గోడంత గోడ. గేటు బయట టీ అంగడి కనిపించగానే బావకు ప్రాణం లేచి వచ్చింది. ఫోనులో ఫోటో చూపించి, “ఈ పిల్లోడు ఎట్టాంటోడప్పా?” అని అడిగాడు. టీ పోస్తున్న మనిషి ఫోటో చూడలేదు. అట్టముక్క మీద గళ్లగళ్లుగా ఉన్న బొమ్మను చూపించి, “స్కాన్ చెయ్యండి” అన్నాడు. ఆయనకు తెలిసింది అదొక్కటే. మంగలి షాపు కోసం చూస్తే అద్దాల గది కనిపించింది. ముందుగా అపాయింట్‌మెంట్ ఉండాలన్నారు. క్షవరానికి అపాయింట్‌మెంట్ ఇచ్చే ఊళ్లో కబుర్లు ఎక్కడ పుడతాయని బావ బెంగపడ్డాడు.

ఇక మిగిలింది ఎదురిల్లు. నియమం నియమమే. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి, “ఏ ఫ్లాట్‌కు పోవాలె సార్?” అని అడిగితే, అబ్బాయి ఫ్లాటు కాక దానికి ఎదుటి ఫ్లాటు అని చెప్పాడు బావ. సెక్యూరిటీ మనిషి ఫోనులో ఏదో నొక్కాడు. స్పీకరులో ఒక స్త్రీ గొంతు పలికింది.

“ఎవరండీ?”

“మేం లింగాల నుంచి వచ్చినామమ్మా. మీ ఎదురింటి పిల్లోని గురించి రోంత కనుక్కుందామని.”

“ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో నాకు తెలీదండీ.”

“ఏండ్ల తరబడి ఎదురెదురుగా ఉండారంట గదమ్మా! రోజూ తలుపు తీస్తే ఏం కనపడతాది?”

“లిఫ్ట్” అని ఫోను పెట్టేసింది.

మా పల్లెలో మనమేం కూర వండామో ఎదురింటికి తెలుసు. అది ఎందుకు మాడిందో మనకంటే ముందు తెలుసు. ఎవరికీ ఎవరూ తెలియకపోవడాన్ని నగరంలో స్వేచ్ఛ అంటారట. ఇంత ఖర్చు పెట్టి కొనుక్కున్న స్వేచ్ఛ కాబట్టి వాళ్లు జాగ్రత్తగానే కాపాడుకుంటున్నారు.

ఆ తల్లి ఫోను పెట్టేసి ఊరుకోలేదు. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో, తెల్ల చొక్కాలు వేసుకున్న ఇద్దరు మనుషులు ఫలానా ఫ్లాటు కుర్రాడి కోసం వాకబు చేస్తున్నారని పెట్టింది. మనిషి ఎవరో తెలియదు గానీ ఫ్లాటు నంబరు మాత్రం తప్పు పోలేదు. సెక్యూరిటీ సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు.

“ఎవ్వలు మీరు? లోన్ రికవరీనా?”

“కాదప్పా.”

“ఏ ఊరు?”

“కడప జిల్లా.”

అంతదాకా ఎండలో నిలబడ్డ మాకు రెండు కుర్చీలు తెప్పించాడు. ఫ్యాను మావైపు తిప్పాడు. మా జిల్లాకు సినిమావాళ్లు చేసిన ఉపకారం ఇది. సుమోలు లేకుండా, చేతిలో చీనీ కాయల సంచితో దిగినా మాకా మర్యాద తప్పదు. బావ ఆ మర్యాదలోని భయాన్ని గమనించలేదు. “బలే మంచోళ్లు ఈడోళ్లు” అన్నాడు నాతో.

సూపర్‌వైజర్ లోపలికి పోయిన కాసేపటికి గేటు దగ్గరికి ముగ్గురు వచ్చారు. సూపర్‌వైజర్, బ్యాడ్మింటన్ బ్యాటు పట్టుకున్న అసోసియేషన్ పెద్దమనిషి, వాళ్ల వెనక ఫోటోలోని అబ్బాయి. మొహంలో రక్తం లేదు. మమ్మల్ని చూసి, సంచి చూసి, ఆగాడు.

“అంకుల్... మీరు లింగాల నుంచా? అమ్మాయి వాళ్ల నాన్నగారా?”

బావ దొరికిపోయిన దొంగలా లేచి నిలబడ్డాడు. ఆయన విచారణ చరిత్రలో పెళ్లికొడుకు ఎదురుపడటం ఇదే మొదలు. పెద్దమనిషి బ్యాటు దించాడు. గ్రూపులో అందరికీ చెప్పాలి కదా అని ఫోను తీసుకుని వెళ్లిపోయాడు.

“ఏం లేదు నాయనా, నీ గురించి రోంత అడిగిపోదామని వచ్చినాం. ఈడ ఎవురికీ నువ్వు తెల్దంట” అన్నాడు బావ, నేరం ఆ అబ్బాయిదే అయినట్టు.

“మా నాన్న కూడా మీ ఊరొచ్చి అడిగారు అంకుల్. బస్టాండ్‌లో ఒకరిని అడిగితే ఐదుగురు చెప్పారట. టీ కూడా ఇప్పించారట.”

బావ మొహం మారింది. “ఏమన్యారు?”

అబ్బాయి కొంచెం నసిగాడు. “ఆమెకు నోరెక్కువ, బ్యాంకులో మేనేజరే భయపడతాడు అన్నారు. తప్పు చేస్తే పెద్దవాళ్లని కూడా చూడదట. మీరు మంచివాళ్లేనట, కాకపోతే పొలం గట్టు దగ్గర మాత్రం...”

“గట్టు మాట ఎత్తినోడు ఎవుడో నాకు తెలుసులే” అన్నాడు బావ పళ్లు బిగించి. “అన్నీ విని నువ్వేమన్యావు?”

“ఆమెనే అడిగాను. అవన్నీ నిజమే అంది. ఇంకో రెండు వాళ్లు మర్చిపోయారని అవీ చెప్పింది. సరే అన్నాను.”

బావ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కూతురి గురించి చెడంతా తెలుసుకుని ఒప్పుకున్నవాడు ఎదురుగా ఉన్నాడు. బావ చేతిలో మాత్రం ఏమీ లేదు. ఈ ఊళ్లో ఆ అబ్బాయి గురించి చెడు చెప్పేంత తీరిక ఒక్కరికీ లేదు. ఊరికే సరే అంటే జీవితకాలపు పద్ధతి చెడుతుంది. వద్దంటే కూతురు చెప్పిన మాట కొట్టం దగ్గర కాచుకుని ఉంటుంది.

“నువ్వే మా పక్కకు రాప్పా” అన్నాడు చివరికి. “మా ఇంట్లో వద్దు, బాగుండదు. ప్రొద్దుటూర్లో మా బామ్మర్ది ఇంట్లో నాలుగు దినాలుండు. నీ పని ఆడనుంచే చేసుకోవచ్చంట గదా.”

నన్ను అడగనైనా అడగలేదు. అబ్బాయి వచ్చాడు.

మా వీధి గురించి నాకు ఎప్పుడూ గర్వమే. మొదటి రోజు సాయంత్రానికే అతని జీతం గురించి వీధిలో రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. మా ఇంటి మెట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే, పనిచేస్తున్నాడా నటిస్తున్నాడా అని చూసిపోవడానికి జనం వంతులు వేసుకున్నారు. నగరంలో ఏళ్ల తరబడి ఉండి సంపాదించలేని పేరు అతనికి మా వీధిలో నాలుగు రోజుల్లో వచ్చింది. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి.

అతను రైలెక్కిన మరుసటి రోజు బావ దిగాడు. వీధిలో అందరికీ తెలిసిన మనిషే. అయినా కొత్తవాడిలా టవలు సర్దుకుని టీ అంగడికి పోయి, “ఈ నడుమ ఈడ ఒక పిల్లోడు ఉన్న్యాడంట, ఎట్టాంటోడప్పా?” అని మొదలుపెట్టాడు.

“మంచోడే మామా” అన్నాడు టీ అంగడి అతను. “కారం దోసె తిని కండ్లలో నీళ్లు కారుతాన్నా బాగుందన్యాడు. అంత అబద్ధం చెప్పగూడదు.”

బావ తల ఊపాడు. చాలదు. మంగలి షాపులో పొగడ్తలే వచ్చాయి. తప్పేదీ తెలియకుండా బావ సరే అనడని నాకు తెలుసు. మిగిలింది మా ఎదురిల్లు. అక్కడి పెద్దామె చేట కింద పెట్టి మొదలుపెట్టింది.

“పిల్లోడు మంచోడేనయ్యా, మర్యాదస్థుడు. కాకపోతే...”

బావ అరుగు మీద ముందుకు జరిగాడు.

“ఆ ఫోన్లో మాట్లాడుకుంటా వచ్చి నా ముగ్గంతా తొక్కినాడు. సరే పోనీ అనుకున్యా. మళ్లీ వచ్చి క్షమించమని, పిండి చేతికి తీసుకుని ఆయప్పే దిద్దబోయినాడు. ఉన్నిందీ పాయ. గంటసేపు వేసిన ముగ్గయ్యా!”

“తొక్కి, మళ్లీ దిద్దినాడా?”

“ఆడ కూకోని దిద్దినాడు. కోడి గీకినట్ట.”

బావ మొహం విప్పారింది. సంబంధాల వేటలో ఆ మొహాన్ని నేను అలా చూడటం అదే మొదటిసారి. ఫోను తీసి అక్కడి నుంచే కూతురికి కలిపాడు. ఏమన్యారు నాయనా అని అటువైపు గొంతు గట్టిగా వినిపించింది.

“ముగ్గు తొక్కినాడంట” అన్నాడు బావ. “ముహూర్తం చూసుకుందాం.”

ఫోను పెట్టి, “అమ్మా, పెండ్లికి నువ్వు తప్పకుండా రావాల” అన్నాడు పెద్దామెతో.

“వస్తాలే” అంది ఆమె చేట మళ్లీ అందుకుంటూ. “ఆ పిల్లోణ్ని మాత్రం పందిట్లో ముగ్గు దగ్గరికి రానీయొద్దు.”