ఇంటికి ఒకటే ఉత్తరం

మా అమ్మాయి ఫోన్‌లో ఈ మధ్య ఒక పాత సీరియల్ కనబడింది. ఎవరో ఓపిక ఉన్నవాళ్లు క్యాసెట్ల నుంచి ఎక్కించినట్టున్నారు, బొమ్మ మీద అడ్డంగా తెల్లగీతలు పాకుతున్నాయి, ఎడారిలో ఇసుక గులాబీ రంగుకి తిరిగింది, మాటలు పెదాల కంటే ఒక క్షణం ముందే వచ్చేస్తున్నాయి. కింద చూసినవాళ్ల అభిప్రాయాలు బారుగా ఉన్నాయి. ఒకాయనకి మాంత్రికుడి గడ్డం అతికించినట్టు కనబడిందట. ఒకావిడ చిన్నప్పుడు ఇది చూసి మూడు రోజులు జ్వరపడిందట. పిల్లలకి చూపించొచ్చా అని ఇంకెవరో అడిగితే, పదిమంది పది రకాలుగా చెప్పి, చివరికి సీరియల్ సంగతి వదిలేసి ఒకరి చదువుని ఒకరు ఎత్తిపొడుచుకున్నారు. పనిలేనిదానిలా అన్నీ చదివాను. చదువుతుంటే ఇడ్లీ ఆవిరి వాసన వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు ఇడ్లీ వండలేదు.

అప్పట్లో మేం గాజువాక అవతల ఒక కాలనీలో అద్దెకి ఉండేవాళ్లం. సగం ఇళ్లవాళ్లు స్టీలు ప్లాంటుకి, సగం ఇళ్లవాళ్లు పోర్టుకి డ్యూటీకి వెళ్లేవారు. పొద్దున్న మెట్లు తుడిస్తే చీపురుకి నల్లటి పొడి అంటుకునేది, ఆరేసిన తెల్లచొక్కాలని సాయంత్రం దులిపి గాని మడతపెట్టేవాళ్లు కాదు. ఎండాకాలం వస్తే గంపల్లో జీడిమామిడి పళ్లు వచ్చేవి, తిన్నాక గొంతు పట్టేసినట్టై ఆ పూటంతా మా మాటలు బొంగురుగా ఉండేవి. తరువాత తాటిముంజెలు, వానలు పడ్డాక ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, డిసెంబరులో పక్క వాటా నుంచి గోడ మీదుగా వచ్చే కేకు ముక్కలు, దానికి బదులుగా మా ఇంటి నుంచి వెళ్లే పాకుండలు. ఒకే డాబాలో రెండు వాటాలు, పెరట్లో నడుమెత్తు గోడ. గోడకి ఇవతల మేము, అవతల పోర్టులో క్రేన్ నడిపే ప్రకాశరావుగారు, ఆస్పత్రిలో నర్సుగా చేసే ఆయన భార్య, నా ఈడు వాళ్లమ్మాయి సలోమి. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు గనక నాకు ఆయన మావయ్య.

ఆ ఈజిప్టు సీరియల్ మా కాలనీకి కేబుల్ అప్పలరాజు ద్వారా వచ్చింది. అతనికి కాలనీ వరకూ ఒక సొంత ఛానెల్ ఉండేది. పెళ్లి వీడియోలు, కరెంటు పోయే వేళలు, తప్పిపోయిన దూడల వివరాలు అందులోనే వచ్చేవి. ఎక్కడి నుంచి తెచ్చాడో, తెలుగు మాటలు వేసిన ఈ క్యాసెట్లు తెచ్చి ఆదివారం పదింటికి వేసేవాడు. ఒక కుటుంబం, తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, వేల ఏళ్ల కిందటి ఈజిప్టులోకి వెళ్లి పడతారు. వాళ్లకి తలా ఒక మంత్రం పట్టుబడుతుంది. భాగం అయిపోగానే అప్పలరాజు స్వయంగా ఒక పూలకర్టెను ముందు కూర్చుని, చూసినవాళ్లు రాసిన అభిప్రాయాలు చదివేవాడు. అతని షాపులో చిల్లు పెట్టిన బిస్కెట్ డబ్బాలో వెయ్యాలి, పేరు, ఇంటి నంబరు ఉండాలి. ఇంటికి ఒకటే ఉత్తరం. రెండు వేస్తే రెండూ చదవడు.

మా ఇంటి ఉత్తరం వంతు మా మామ్మ కాజేసింది. మామ్మ అంటే మా నాన్న తల్లి, తగరపువలస అవతలి పల్లె నుంచి వచ్చి మా దగ్గరే ఉండేది. ఫరో రాజులు పవిత్రంగా చూసుకునే బంగారు పురుగుని తెర మీద చూసిన మొదటి రోజే, "ఓలమ్మ, పేడపురుగే! దీనికి దండాలేటి?" అని తేల్చేసింది. నిజంగానే అది పేడపురుగని చాలా ఏళ్ల తరువాత నేను ఒక పుస్తకంలో చదివాను. కాని సింహం తల ఉన్న దేవత వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడి, కాళ్ల చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, మళ్లీ కూర్చుంది. సింహాచలం అప్పన్న నరసింహస్వామే గనక ఆయనకి ఈవిడ చెల్లెలు వరస అవుతుందని ఆవిడ లెక్క. ఆ తరువాత మా ఇంట్లో ఆ సీరియల్ చెప్పులేసుకుని ఎవరూ చూడలేదు, చుట్టుపక్కల పిల్లలు కూడా.

మామ్మకి చదువు రాదు, ఆవిడ చెబితే నేను రాసేదాన్ని. మామ్మ ఒక్కదానికే కాదు, మా వీధిలో చాలా ఇళ్ల ఉత్తరాలు నేనే రాసేదాన్ని, ఐదో తరగతిలో నా దస్తూరికి అంత పేరుండేది. చచ్చిపోయినవాడికి అన్ని బారల గుడ్డ చుట్టడం దండగని ఒక వారం, ఆ మాంత్రికుడికి పెళ్లి చేస్తే దారిలో పడతాడని ఇంకో వారం మామ్మ చెప్పిన అభిప్రాయాలు విని కాలనీ అంతా పడీపడీ నవ్వేది. అప్పలరాజు ఆవిడ ఉత్తరాన్ని ఎప్పుడూ ఆఖర్న, ఊరించి చదివేవాడు. ఊరందరి మాటలూ నా చేతి మీదుగా టీవీలోకి వెళ్తున్నాయి, నా మాట ఒక్కటీ వెళ్లడం లేదు. నాకది లోపల మండుతూ ఉండేది.

ఆదివారం మా ముందుగదిలో పది పదిహేనుమంది ఉండేవారు. అందరికీ మా అమ్మ ఇడ్లీలు వేసేది. ఒక వాయి దించి ఇంకో వాయి ఎక్కించడం, చట్నీకి తిరగమోత పెట్టడం, మధ్యలో మామ్మకి కాఫీ, నాన్నకి రెండో కాఫీ. వంటగదిలోంచి టీవీ కనబడదు, వినబడుతుంది. అమ్మ ఆ సీరియల్ మొత్తం చెవులతోనే చూసింది. తెలుగు మాటలు చెప్పిన ఆడగొంతు ఒక్కటే కావడంతో రాణీ, దాసీ, సింహం తల దేవతా ముగ్గురూ ఒక్క మనిషే అనుకుని, "ఇందాక అలగా ఏడిసింది, ఇప్పుడేటి ఇలగా అరుత్తాది?" అని అడిగేది. "ఉండమ్మా, తరవాత సెప్తాం" అనేవాళ్లం. అది నేనూ అనేదాన్ని. తరవాత ఎవరూ చెప్పేవారు కాదు, గిన్నెలు తోముతూ అమ్మ మళ్లీ అడిగేది కూడా కాదు.

ఆ గదిలో ఉండకూడని మనిషి ఒక్కతే, సలోమి. ప్రకాశరావు మావయ్య మెత్తటి మనిషి, ఎవరినీ గట్టిగా అదిలించగా చూడలేదు, కాని ఈ సీరియల్ విషయంలో మాత్రం కదలలేదు. ఫరో దగ్గరి మాంత్రికులు బైబిల్లో మోషేకి ఎదురు నిలిచినవాళ్లు, వాళ్లని చూసి చప్పట్లు కొట్టడమేమిటని ఆయన బాధ. ఆదివారం ఆయన చర్చిలో చాపలు పరచడానికి, మైకు చూడ్డానికి ముందే వెళ్లిపోయేవాడు. వాళ్లమ్మ డ్యూటీలో ఉండేది. సలోమి సండేస్కూలుకని బయల్దేరి, పెరటి గోడ దూకి, మా ఇంట్లో అరగంట కూర్చుని, అయిపోగానే చర్చిదాకా పరిగెత్తేది. దాని గౌను అంచుకి ఎప్పుడూ గోడ సున్నం ఉండేది. మిగతా రోజుల్లో కాటుకతో కళ్లు చెవులదాకా సాగదీసుకుని మేమిద్దరం ఈజిప్టు ఆట ఆడేవాళ్లం, అది ఎప్పుడూ ఫరో, నేను ఎప్పుడూ మాంత్రికుణ్ణి.

సలోమి వాళ్లింటి నుంచి ఉత్తరం వెళ్లదు కదా, వాళ్ల వంతు ఖాళీగా ఉంది కదా అని నాకు తోచింది. ఒక మధ్యాహ్నం కూర్చుని, మొదటిసారి నా అభిప్రాయం రాశాను. కింద సలోమి పేరు, వాళ్ల ఇంటి నంబరు వేశాను. దానికి చెప్పలేదు. నా రాతలు టీవీలో వినాలన్న ఆత్రం తప్ప ఆ క్షణంలో నా బుర్రలో ఇంకేం లేదు, ఆదివారం పూట అది దొంగచాటుగా మా ఇంటికి రావడం బయటపడుతుందన్న ఆలోచన కూడా.

అప్పలరాజు మరుసటి ఆదివారమే చదివాడు. ఇన్నేళ్లయినా మాట పోకుండా చెప్పగలను. "ఆ ఇంట్లో అందరికీ ఏదో ఒక మంత్రం వచ్చు. నాన్న రాతిబొమ్మల్ని నడిపిస్తాడు. అమ్మాయి పిల్లులతో మాట్లాడుతుంది. వాళ్ల అమ్మ మాత్రం పొయ్యి దగ్గర ఒక్కతే ఉంటుంది. పొద్దుటి నుంచి ఆవిడతో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. ఆవిడతో మాట్లాడ్డానికి మంత్రం అక్కర్లేదని నా అభిప్రాయం." సీరియల్లో తల్లి గురించి మొదలుపెట్టాను గాని, రాస్తున్నప్పుడు నా కళ్ల ముందున్నది మా అమ్మే. చదువుతున్నంతసేపూ అమ్మ తడిచేతులతో వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. సలోమి అప్పటికే చర్చికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా నాన్న గోడ దగ్గరికి వెళ్లి, సంతోషం పట్టలేక, "బావా, మీ సలోమి భలేగ రాసీసింది బావా! టీవీలో సదివీసేరు, నువ్వు వినలేదేటి?" అన్నాడు. తన ఇంటి మాటే తనకి చదివి వినిపించినా ఆయనకి అందలేదు. ఏం రాసిందని మావయ్య అడిగితే, నాన్న ఉత్తరమంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మావయ్య ఒకసారి వెనక్కి తిరిగి తమ వంటగది వైపు చూశాడు. తరువాత సలోమిని పిలిచి, "నువ్వేనామ్మా రాసింది?" అన్నాడు. నేను తులసికోట పక్కన నిలబడి ఉన్నాను. అది నా వంక ఒకసారి చూసింది. నేను తల దించుకున్నాను. "నానే రాసాను నానా" అంది.

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఆ మరుసటి ఆదివారం నుంచి కూతుర్ని చెయ్యి పట్టుకుని తనతో పాటే తీసుకెళ్లాడు. సీరియల్ చివరి మూడు భాగాలు అది చూడలేదు. గోడ దూకడం మానేసింది, కాటుక ఆటా ఆగిపోయింది. బడిలో పలకరిస్తే పలికేది, అంతే. ఏడాది తిరక్కుండా వాళ్లు దువ్వాడలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. నేను క్షమాపణ అడగలేదు. మొదట సిగ్గుపడి, తరువాత బద్ధకించి, ఆ తరువాత ఇన్నేళ్లకి ఇప్పుడెందుకనిపించి.

ఫోన్‌లో ఆ అభిప్రాయాలన్నీ చదివిన వారానికి, చిన్ననాటి స్నేహితురాలొకామె దగ్గర నంబరు తీసుకుని, నేను దువ్వాడ వెళ్లాను. సలోమి ఇప్పుడు అక్కడే ఒక బళ్లో టీచరు. నేను చెప్పాలనుకున్నదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. అది నవ్వింది.

"నువ్వే రాసావని నాకాపూటే తెలుసు. ఇంటింటి ఉత్తరాలూ రాసిందానివి నువ్వేగదే."

"మరి నీదని ఎందుకు సెప్పావ్?"

"నిన్ను తిడతారని. ఆ తరవాతేమో..." అని గొంతు తగ్గించి, వంటగది వైపు చూపించింది. మావయ్య ముక్కాలిపీట మీద కూర్చుని వెల్లుల్లి పాయలు ఒలుస్తున్నాడు, పొయ్యి దగ్గరున్న అత్తకి ఏదో చెబుతున్నాడు. "అది నాను అమ్మ గురించి రాసాననుకున్నాడు నాన్న. వారం తిరక్కండా పీటేసుకుని వంటగదిలో కూసోడం మొదలెట్టాడు. అప్పట్నుంచీ రోజూ అంతే. ఇంక నాది కాదని ఎలగా సెప్పీది? నువ్వూ సెప్పకేం?"

చెప్పనన్నాను. "మరి మీ అమ్మకి సెప్పావా, నువ్వే రాసావని?" అని సలోమి అడిగింది. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. లేదన్నాను.

దానికి చెప్పని మాట ఒకటుంది. ఆ ఉత్తరం చదివిన రాత్రి గడిచి తెల్లారాక, పండగా పబ్బమూ లేకుండా అమ్మ పాకుండలు వండింది. పదింటిని కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చి, "ఆ ఉత్తరం రాసిన గుంటకి ఇచ్చీ" అంది. సలోమి మొహం చూసే ధైర్యం లేక, నేను నీళ్లట్యాంకు వెనక కూర్చుని పదీ తినేశాను. ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇంటికెళ్లాక, తిందా, ఏమందని అమ్మ అడిగింది. బాగున్నాయందని చెప్పాను.

ఇప్పుడు ఆ డాబా లేదు, అప్పలరాజు షాపు ఉన్నచోట ఫోన్లు బాగుచేస్తున్నారు, ఆ ఛానెల్ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తులేదు. సీరియల్ మాత్రం ఉంది. దాని కింద ఎవరైనా, ఒకే ఇంటి నుంచి ఎన్నయినా రాసుకోవచ్చు. మొన్న నేనూ రాద్దామని కూర్చున్నాను. అమ్మ చదవదు కదా అని ఫోన్ పక్కన పెట్టేశాను.