హద్దు మీద బొబ్బర్లు

మా అపార్టుమెంటువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక అమ్మాయి, డాబా మీద తొట్లలో వెయ్యడానికి ఎక్కడినుంచో తెప్పించిన అలసంద గింజల ఫోటో పెట్టి, ఈ రకం ఎంత దూరం పాకుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి ఆంటీ అని అడిగింది. నల్లమచ్చల గింజలు, చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి. నేను మాత్రం పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని తెలిసి కూడా కుర్చీలోంచి లేవలేకపోయాను. మనిషి చేతిదాకా పాకుతుందమ్మా అని రాసి, మళ్ళీ తుడిపేశాను. పాతికేళ్ళ పిల్లకి ఈ కథంతా ఎలా చెప్పను? నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

సైబరాబాదు అన్న మాట అప్పుడప్పుడే జనం నోళ్ళలో నానుతున్న రోజులవి. మావారు నీటిపారుదల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగి. స్కేలు అక్కర్లేకుండా జానెడు గీత తిన్నగా గీసేవారు, కాలవలూ తూములూ ఆ చేతిలోంచి పుట్టేవి, ఆ చెయ్యి మీదే మా ఇల్లు నడిచేది. గుంటూరు వైపునుంచి వచ్చి, నార్సింగిలో స్థలం చవగ్గా దొరికిందని రెండు గదులు వేసుకున్నాం. మాదాపూర్లో కంప్యూటరు ఉద్యోగం చేసే మా మరిది కూడా మాతోనే ఉండేవాడు. వాడికి కోపం ముక్కు మీదే ఉండేది, ముక్కేమో ఎప్పుడూ ఇంకొకరి వాకిట్లో ఉండేది. పక్క స్థలంలో ఇల్లు కట్టుకున్నాయన రాయలసీమ మనిషి, స్థలాలు కొని అమ్మే వ్యాపారం, భార్యా బామ్మర్దీ ఆయనతో ఉండేవారు. మా రెండిళ్ళకీ మధ్య గోడ లేదు. వచ్చే ఏడు కడదాంలే అని ఇద్దరం అనుకుంటూ వదిలేసిన హద్దురాళ్ళ వరస ఒక్కటే ఉండేది.

ఆకుకూరలు అమ్మే ఒక అవ్వ ఆ వీధికి వచ్చేది. తోటకూర కొన్న రోజున కొసరడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, ఆమె కూడా విసుక్కోకుండా ఏదో ఒకటి చేతిలో పెట్టేది. అలా తొలకరి రోజుల్లో ఒకసారి కొసరుగా గుప్పెడు గింజలు పెట్టి, "బబ్బెర్లు బిడ్డా, మా అక్క ఊరికెల్లి తెచ్చిన, నేను గూడ ఎన్నడు పెట్టలే" అంది. బబ్బెర్లంటే మా బొబ్బర్లే, ఈ అలసందలే కదా అనుకున్నాను. మా వైపు బొబ్బర మొక్క మోకాలెత్తు పెరిగి, రెండు మూడు నెలల్లో కాసి, తన దారిన తను పోయే సాధుజాతి. అలాంటివాటిని మేం ఎప్పుడూ పొలం గట్టు మీదే వేసేవాళ్ళం. గట్టు ఇద్దరిదీ కనక కాయలు ఎటువాళ్ళు కోసుకున్నా ఎవరూ అడగరు, పైగా గట్టు బీడుగా వదిలేస్తే పక్క రైతుతో మాటల్లేవేమో అనుకుంటారు. ఆ అలవాటునే నేను నార్సింగిదాకా మోసుకొచ్చి, హద్దురాళ్ళ వెంబడి గింజలు పాతాను. పక్కింటివాళ్ళతో కలుపుగోలుగా ఉంటున్నాననే అనుకున్నాను.

ఆ జాతి సాధుజాతి కాదు. శ్రావణం వచ్చేసరికి గోంగూర మడిని తొక్కేసి, మల్లెపొద మెడ పట్టుకుంది. ఏది అందితే దాన్ని చుట్టి బిగించేది, కనకాంబరాలు ఊపిరాడక చచ్చిపోయాయి, మరిది వేసిన వెదురు పందిరి బరువుకి ఫెళ్ళున విరిగింది. అసలే కోతి, ఆపైన కల్లు తాగినట్టు, ఆ ఏడు వానలు కూడా దంచి కొట్టాయి. ఇంత పెరిగి ఒక్క పువ్వు లేదు. దసరా వెళ్ళి పగళ్ళు పొట్టివైతే తప్ప పూతకి రాని రకమని నాకేం తెలుసు? హద్దురాళ్ళు ఆకుల కింద పూర్తిగా మునిగిపోయాయి, తీగ మాత్రం రోజుకింత చొప్పున పక్కాయన పెరట్లోకి పోతూనే ఉంది.

ఒకరోజు ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఏం సార్, హద్దు మీద నాటినారంటే మేమేమనుకోవల్ల? ఈపొద్దు తీగ వస్తాది, రేపు గోడ వస్తాది. మా తట్టు హద్దురాయి జరిపినోని చెయ్యి నరుకుతారు" అన్నాడు. మావారు నవ్వి, "తీగకి హద్దులేం తెలుస్తాయండీ, మీ వైపు కాసినవి మీరే కోసుకోండి" అన్నారు. మా వైపు అది మర్యాద. పూతే లేని తీగ చూపించి కాయలు కోసుకోమంటే ఆయనకది వెక్కిరింపుగా తగిలింది. తెల్లారి ఆయన బామ్మర్ది తీగల కొసలు తెగ్గోసి మా గుమ్మంలో పారేశాడు. మా మరిది రాయి విసిరి వాళ్ళ కిటికీ అద్దం పగలగొట్టాడు. ఆ సాయంత్రం కిరాణా కొట్టు ముందు ఇద్దరూ చొక్కాలు చించుకున్నారు. ఆ తర్వాత పక్కింటావిడా నేనూ ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్ళం.

తర్వాతి ఆదివారం పొద్దున్నే పక్కింటి బావా బామ్మర్దులిద్దరూ కొడవళ్ళతో హద్దు మీద దిగారు. తీగ తెగుతున్న చప్పుడు వంటింట్లోకి వినబడింది. నేను బయటికి వచ్చేలోపే మరిది పందిరి గెడ ఒకటి ఊడబెరికి బామ్మర్ది భుజం మీద కొట్టాడు, వాడు ఇటుక తీసి వీడి నోటి మీద కొట్టాడు, పళ్ళెమ్మట నెత్తురు కారింది. మావారు మాత్రం ఎవరినీ కొట్టలేదు. రాయి కదల్లేదని చూపిస్తే గొడవ ఆగుతుందని నమ్మిన మనిషి ఆయన. పరుగున వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచేత్తో ఆకులు పక్కకి తీసి, "చూడండి, మీ రాయి ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది" అన్నారు. అప్పటికే పైకి లేచిన కొడవలి ఆ చేతి మీద పడింది.

తీగ మీద వేశానని పక్కాయన ఈనాటికీ అంటాడు. ఆయన కళ్ళు నేను చూశాను, అవి తీగని చూడడం లేదు. నేను మరిది చేతిలోని గెడ లాక్కుని ఆయన నుదుటి మీద పగిలేలా కొట్టాను. కింద పడ్డాక కూడా కొట్టాను. ఇన్నేళ్ళలో దానికి ఒక్కనాడూ బాధపడలేదు.

మమ్మల్ని విడదీసింది ఆకుకూరల అవ్వే. గంప కింద పడేసి వచ్చి మా మధ్యన జొరబడి, "ఏంది, పానాలు తీసుకుంటరా? దవాఖానకు నడువుండ్రి జల్ది" అని గద్దించింది. వీధి మొత్తానికి ఉన్న బండి పక్కాయన జీపొక్కటే. నరికినాయన, నరికించుకున్నాయన వెనక సీట్లో చెరో పక్కన కూర్చున్నారు. మధ్యలో నేను, ఒక చేత్తో మావారి చేతికి తువ్వాలు బిగించి పట్టుకుని. ముందు ఒంటిచేత్తో బండి తోలుతున్న బామ్మర్ది, పక్కన నోరు వాచిన మా మరిది. అలాగే ఆసుపత్రికి చేరాం. కేసు పెడితే రెండు వైపులా జైలేనని పెద్దమనుషులు చెప్పి నోళ్ళు మూయించారు.

వేళ్ళ నరాలు తెగిపోయాయన్నారు డాక్టర్లు. చూపుడువేలూ బొటనవేలూ ఊడిపోలేదు గాని మళ్ళీ చెప్పిన మాట వినలేదు. మావారిని ఆఫీసులో ఫైళ్ళ గదికి మార్చారు. ఎడంచేత్తో అన్నం తినడానికి ఆయన సిగ్గుపడితే, నేనే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. నరికిన మోళ్ళు మళ్ళీ చిగిర్చి, దసరా వెళ్ళాక ఊదారంగు పూలు పూసి జానెడు కాయలు కాశాయి. ఒక్కటి కూడా కొయ్యలేదు నేను. అటువైపు వాళ్ళూ కొయ్యలేదు. ఎండి, పగిలి, గింజలు హద్దుకి రెండు పక్కలా రాలిపోతుంటే ఇద్దరం చూస్తూ ఊరుకున్నాం.

కొన్నేళ్ళకి కోకాపేట వైపునుంచి భవంతులు లేచి లేచి మా వీధిదాకా వచ్చాయి. ఒక బిల్డరు రెండు స్థలాలూ కలిపి ఇస్తేనే కడతానన్నాడు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని సంతకాలు పెట్టాం, మావారు ఎడంచేత్తో పెట్టారు. ఆ హద్దు ఇప్పుడు సెల్లారులో ఎక్కడో ఉంది. ఏ కారు కింద ఉందో తెలుసుకుందామని ఒకసారి దిగి వెతికాను గాని, స్తంభాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఏ అడుగు ఎవరిదని కొట్టుకు చచ్చామో, ఆ అడుగులన్నీ అందరివీ అయి, ఎవరివీ కాకుండా పోయాయి.

పక్కాయన వాళ్ళూ ఈ బిల్డింగులోనే ఉంటున్నారు, మాకు రెండంతస్తుల పైన. నుదుటి మీది మచ్చ జుట్టు ఊడాక ఇంకా బాగా కనిపిస్తుంది. మావారు ఎడంచేత్తో కూరల సంచీ పట్టుకుని లిఫ్టు ఎక్కినప్పుడు, ఆయన లోపల ఉంటే, ఏమీ అడక్కుండా మా అంతస్తు మీట నొక్కుతాడు. మావారు తల పంకిస్తారు. మావారు క్షమించారేమో, నేను క్షమించలేదు, నొక్కిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఒకప్పుడు కొట్టుకోవడానికైనా ఒకరి సంగతి ఒకరికి తెలిసేది. ఇప్పుడు ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో నాకు తెలియదు. ఇన్ని కుటుంబాలున్న ఈ భవంతిలో, మావారి చేతికి ఏ వేలు పనిచెయ్యదో తెలిసినవాడు ఆయనొక్కడే.